ర్యాంకెంతమ్మా నీది?

నాచారంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చిన్న పార్కుంది. పొద్దున్నే అక్కడ ఒక యూనివర్సిటీ నడుస్తుంది. దానికి పాఠాల్లేవు, పరీక్షలు అంతకన్నా లేవు. రిటైరైన మగవాళ్ళు ఓ డజను మంది వేపచెట్టు కింద సిమెంటు బెంచీల మీద చేరి, ఈ దేశంలో చదువన్నది తమతోనే ఆఖరైపోయిందని తీర్మానం చేస్తారు. రోజూ ఆ తీర్మానం నెగ్గుతుంది. నెగ్గక ఏం చేస్తుంది? కాదనే వయసువాళ్ళు ఆ వేళకి నిద్రైనా పోతుంటారు, పోచారం సాఫ్ట్‌వేరు ఆఫీసు బస్సు కోసమైనా పరిగెడుతుంటారు.

ఆ యూనివర్సిటీకి మా ఆయన వైస్ చాన్సలర్. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. మాది గుంటూరు వైపు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి, నాచారంలో ఇల్లు కట్టుకుని, ఇక్కడే ముసలివాళ్ళమయ్యాం. నేనూ ఖాళీగా కూర్చోలేదు. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నాను. కాబట్టి చదువు గురించి మాట్లాడే హక్కు ఆ బెంచీకి ఎంతుందో నాకూ అంతే ఉంది. నన్ను ఆ బెంచీ మీదికి ఎవరూ పిలవరు, అది వేరే సంగతి.

"మా పీయూసీ ఇప్పటి పీహెచ్‌డీతో సమానం" అంటాడొకాయన. "మా రోజుల్లో ఎనిమిదో తరగతి చదివినవాడు కలెక్టరుకి ఇంగ్లీషులో అర్జీ రాసేవాడు" అంటాడింకొకాయన. "ఇప్పటి పిల్లలకి ఏదీ రాదండీ, అంతా ఫోనే" అని అందరూ కలిసి అంటారు. అని, ఎవరి ఫోను వాళ్ళు తీసి, తెల్లారేలోగా వచ్చిపడ్డ ఫార్వర్డులన్నీ ఒకరికొకరు చదివి వినిపించుకుంటారు. నేను వాళ్ళ పక్కనుంచే నడుస్తుంటాను. అన్నీ చెవిన పడుతుంటాయి.

ఈ తీర్మానాలు పార్కులోనే ఆగిపోతే నాకే బాధా లేదు. అవి మా ఇంట్లోకి భోజనాల వేళకి వచ్చేవి. మా అమ్మాయి కుటుంబం మా పైవాటాలోనే ఉంటుంది. అల్లుడూ అమ్మాయీ ఇద్దరూ పోచారంలో ఉద్యోగాలు, అందుకని తొమ్మిదో తరగతి చదివే మనవరాలు మా దగ్గరే తింటుంది. పిల్ల ముద్ద కలిపి నోట్లో పెట్టుకుందో లేదో, మా ఆయన "పదిహేడు ఎనిమిదులెంతే?" అనేవాడు. అది ఎడంచేత్తో ఫోను తీసేది. "చూశావా? చూశావా?" అని నావైపు తిరిగేవాడు, దొంగని పట్టుకున్నట్టు.

"ఆ పదిహేడు ఎనిమిదులతో మీరు ఇప్పటిదాకా ఏం కట్టారండీ, బ్రిడ్జీలా?" అన్నానొకసారి.

"కట్టడానికి కాదే. మెదడుకి సాము. ఈ తరానికి మెదడుకి సాము లేదు. అందుకే ఏదొచ్చినా నమ్మేస్తారు."

ఆ మాట అన్నది ఎవరు? అరికాలిగుండా ఎలక్ట్రాన్లు ఎక్కుతాయని నమ్మిన మనిషి. ఆ సంగతికి వస్తాను.

ముందు నా మాట చెబుతాను. ఇప్పటి పిల్లల్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. వాళ్ళ మధ్య బతికినదాన్ని. పద్యం అప్పజెప్పమంటే గోడవైపు చూస్తారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే గైడు ఎక్కడుందని అడుగుతారు. తరగతిలో ఫస్టొచ్చిన పిల్లని నువ్వేం అనుకుంటున్నావే అని అడిగితే, అది సిలబస్‌లో ఉందా టీచర్ అంటుంది. అంత మాత్రాన మా కాలం గొప్పదనుకోవాలా? మా ఊరి బళ్ళో ఒకటో తరగతిలో మేం చాపలు చాలక ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చున్నాం. పదో తరగతికి వచ్చేసరికి ఆడపిల్లలం ఒక బెంచీకి సరిపోయాం. మిగిలినవాళ్ళు మిరప చేలల్లోకి కోతలకి పోయారు, తమ్ముళ్ళని చంకనేసుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. ఆ బెంచీ మీద మిగిలినవాళ్ళమే ఇవాళ "మా కాలంలో చదువు" అని మాట్లాడుతున్నాం. పోయినవాళ్ళని పార్కుకి పిలిచి, అమ్మా మీ కాలంలో చదువెలా ఉండేదని ఎవడడిగాడు? పంట సగం పురుగు తినిపోతే, మిగిలిన నాలుగు కాయలు చూపించి మా పంట బంగారమనే రైతుని చూసి మా ఊళ్ళో అయితే నవ్విపోయేవాళ్ళు. ఇక్కడ మాత్రం మేధావి అంటారు.

సరే, ఎలక్ట్రాన్లు. పార్కులో ఒక పక్కన గుండ్రటి గులకరాళ్ళు సిమెంటులో గుచ్చి ఒక బాట వేశారు. చెప్పుల్లేకుండా దానిమీద నడిస్తే రోగాలన్నీ పోతాయని అక్కడ బోర్డు. దానికితోడు ఒక ఫార్వర్డు వచ్చింది: పొద్దున్నే మంచుకి తడిసిన గడ్డిలో, రాళ్ళ మీద ఒట్టి కాళ్ళతో నడిస్తే భూమిలోని ఎలక్ట్రాన్లు ఒంట్లోకి ఎక్కి షుగరు దిగిపోతుందని. మా ఆయన దాన్ని పట్టుకున్నాడు. అదే మాట కాలేజీలో ఏ కుర్రాడైనా పేపర్లో రాసుంటే గుండుసున్నా చుట్టి, వాళ్ళ నాన్నని పిలిపించి ఉండేవాడు. ఫార్వర్డులో మంచి తెలుగులో, ఋషుల పేర్లతో వచ్చేసరికి నెత్తిన పెట్టుకున్నాడు. బెంచీ మొత్తం చెప్పులు విప్పేసింది. బూట్లన్నీ బెంచీ కింద వరసగా, గుడి బయట పెట్టినట్టు.

మిగతావాళ్ళు ఆ రాళ్ళ మీద అమ్మో అబ్బో అంటూ గెంతుతూ నడిచేవాళ్ళు. మా ఆయన మాత్రం పట్టుతివాచీ మీద పెళ్ళికొడుకులా నడిచేవాడు. బెంచీలో ఒక బ్యాంకాయన ఉన్నాడు. ఉప్పల్ మనిషి, పుట్టింది పెరిగింది ఇక్కడే. ఈ మధ్యే బ్యాంకులో రిటైరై, మా ఆయనకి ముఖ్య శిష్యుడయ్యాడు. ఆయనకీ షుగరుంది.

"గీ రాళ్ళ మీద నాకైతే పానం పోతున్నది సార్. మీరేంది, గింత మంచిగ నడుస్తున్రు?" అని అడిగాడొకరోజు, ఒక కాలు ఎత్తి పట్టుకుని.

"అభ్యాసం. ఒంటిని అదుపులో పెట్టాలి. మీరు లోపల నొప్పి అనుకుంటున్నారు కాబట్టి నొప్పి. నాకు ఏమీ తెలియదు చూడండి" అని మా ఆయన మళ్ళీ ఒక చుట్టు తిరిగొచ్చాడు. బ్యాంకాయన దణ్ణం పెట్టినంత పనిచేశాడు. మా ఆయనకి షుగరొచ్చి అప్పటికి చాలా ఏళ్ళు. ఆ బెంచీ మీద ఉన్న డిగ్రీలన్నీ కలిపితే ఒక బీరువా నిండుతుంది. నొప్పి ఎందుకు తెలియడం లేదండీ అని ఒక్క బుర్రకి తట్టలేదు.

శ్రావణ శుక్రవారం నాడు బయటపడింది. గడపకి పసుపు రాసి లేచేసరికి హాల్లో టైల్స్ మీద గుమ్మం నుంచి కుర్చీదాకా ఎర్రటి మచ్చలు. నేనే కుంకుమ ఒలకబోశాననుకున్నాను. గుడ్డతో తుడవబోతే జిగురుగా అంటింది. తలెత్తితే మా ఆయన కాలుమీద కాలేసుకుని పేపరు చదువుతున్నాడు. కుడిపాదం కింద, చిటికెనవేలు మొదట్లో, బీరుసీసా పెంకు పచ్చగా మెరుస్తోంది. పార్కు నుంచి ఆ గాజుముక్క మీదే నడిచొచ్చాడు.

"అయ్యో, కాలు చూసుకోండి!" అని అరిచాను.

కిందికి చూశాడు. పెంకు పీకి, పేపరు మీద పెట్టాడు. "నొప్పి లేదే. నొప్పి లేదంటే లోతుగా దిగలేదన్నమాట. కాస్త పసుపు తీసుకురా."

మర్నాడు పార్కులో ఇదొక వీరగాథ అయింది. గాజు దిగినా చలించలేదట. బ్యాంకాయన మా గేటుదాకా వచ్చి ఆ కాలు చూసి, "మస్తు విల్‌పవర్ సార్ మీది" అని మెచ్చుకుని పోయాడు. నాకు చీపురు తిరగెయ్యాలనిపించింది.

పసుపు, కొబ్బరినూనె, వేపాకు కషాయం అన్నీ అయ్యాయి. దుప్పటి మడతపెడుతుంటే నాకు వాసన తగిలింది. వంటింట్లో ఎలుక చచ్చిందేమోనని ముందు అటు వెళ్ళి చూశాను. అది ఎలుక కాదు. ఆయన కాలి కట్టులోంచి వస్తోంది. మా అమ్మాయి ఆఫీసు నుంచే ఫోన్లో వెతికి, షుగరు పాదాలు చూసే డాక్టరు ఉప్పల్లో ఉందని చెప్పింది. మెట్రో స్తంభాల పక్కన, టిఫిన్ సెంటర్ మీద మొదటి అంతస్తు. ఆటోలో కూలేసి తీసుకెళ్ళాను.

ఆ డాక్టరు పిల్ల ముప్పై దాటి ఉండదు. జీన్సు ప్యాంటు, రబ్బరు చెప్పులు, జుట్టు క్లిప్పుతో పైకి ఎగదోసి ఉంది. టేబుల్ మీద సగం తాగిన టీ కప్పు, ఛార్జింగులో ఫోను. మేం కూర్చున్నాక కూడా ఆ ఫోన్లో ఏదో టైపు చేసింది. నాకూ నచ్చలేదు, దాపరికమెందుకు? మా రోజుల్లో డాక్టరంటే కాస్త భయం వేసేది.

"కాలు గిట్ల పైన పెట్టుండ్రి అంకుల్" అంది.

మా ఆయన పెట్టలేదు. చేతులు కట్టుకుని కూర్చుని, "ర్యాంకెంతమ్మా నీది?" అన్నాడు.

ఇదొకటి మా వైపు నుంచి మూటగట్టుకొచ్చిన జబ్బు. మనిషి కనిపిస్తే కులం అడక్కూడదని నేర్చుకున్నాం గానీ, ఎంసెట్లో ర్యాంకు అడగడం మంచినీళ్ళు అడిగినంత మామూలు. పెళ్ళిలో పక్క కుర్చీవాణ్ణి అడుగుతాం, ఇల్లు అద్దెకి అడిగినవాణ్ణి అడుగుతాం. మా అమ్మాయికి తల నెరుస్తోంది. ఆయన ఇప్పటికీ దాన్ని ఇంటర్ కాగానే వచ్చిన ర్యాంకుతోనే పరిచయం చేస్తాడు. ఆ తర్వాత అది చేసిన పనంతా లెక్కలోకి రాదు.

"ఎంసెట్ల రాలే అంకుల్. ఫారిన్ల చదివిన" అంది ఆ పిల్ల. "అచ్చినంక ఈడ ఎగ్జామ్ రాసి, రిజిస్ట్రేషన్ తీస్కున్న. వార్డుల పనిజేసిన. కాలు పెట్టుండ్రి."

మా ఆయన నావైపు తిరిగి చూసిన చూపు నాకు బాగా తెలుసు. ఇన్విజిలేషన్‌లో చీటీ దొరికినప్పుడు అలా చూసేవాడు. నేనే ఆయన కాలు ఎత్తి స్టూలు మీద పెట్టాను.

కట్టు విప్పి చూసి ఆ పిల్ల ముక్కు కూడా ముడుచుకోలేదు. డ్రాయర్లోంచి పెన్నులాంటి పుల్ల తీసింది. దాని చివర చేపల గాలానికి కట్టే నైలాను దారం లాంటిది చిన్న ముక్క, బిరుసుగా ఉంది.

"కండ్లు మూస్కోండ్రి అంకుల్. నేను పాదానికి ఇది ఆనిచ్చినప్పుడల్లా ‘ఆ’ అనుండ్రి. గంతే."

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. పిల్లలాటలు అన్నట్టు పెదవి వంకరగా పెట్టుకున్నాడు. నేను చూస్తున్నాను. బొటనవేలు కింద ఆనించింది. దారం వంగింది. ఆయన ఏమీ అనలేదు. పాదం మధ్యలో ఆనించింది, అంచు మీద ఆనించింది, మడమ మీద ఆనించింది. ప్రతిచోటా దారం విల్లులా వంగుతోంది. మా ఆయన బుద్ధిగా కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ పిల్ల ఎడమ పాదం కూడా అలాగే చూసింది.

"మొదలుపెట్టు తల్లీ, ఎంతసేపు?" అన్నాడు.

ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. "అయిపోయింది అంకుల్."

"ఏమిటి అయిపోయింది?"

"టెస్టు. మీకు పాదాలల్ల స్పర్శ లేదు. మస్తు దినాల సంది లేనట్టున్నది."

"నాన్సెన్స్. నేను రోజూ రాళ్ళ మీద నడుస్తాను."

"గందుకే నడుస్తున్రు అంకుల్. తెలిస్తే నడువకపోదురు."

మా ఆయనలోని ఫిజిక్స్ లెక్చరరు లేచాడు. "ఆ దారం మందమెంత? ఎంత బలానికి వంగుతుంది? దాన్ని కాలిబ్రేట్ చేసిందెవరు? నేను రిటైరైనా ల్యాబు మర్చిపోలేదమ్మా" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆ పిల్ల అవేవీ పట్టించుకోలేదు. ఇన్ఫెక్షన్ లోపలికి పోతోందని, ఇవాళే పెద్ద దవాఖానాలో చేరాలని, ఇప్పుడైతే వేళ్ళు నిలబెట్టుకోవచ్చని చెప్పింది. మా ఆయన చెప్పుల కోసం కాలితో తడుముకుంటున్నాడు. చెప్పు ఎక్కిందో లేదో కూడా ఆయనకి తెలియలేదు, వంగి చూసుకోవాల్సి వచ్చింది. "ర్యాంకు రానివాళ్ళంతా విమానమెక్కి వెళ్ళి డాక్టర్లయి వస్తున్నారు, ఇంక దేశం బాగుపడినట్టే" అన్నాడు, ఆ పిల్లకి వినబడేట్టే.

"మీ ఇష్టం అంకుల్" అని ఆ పిల్ల ఫోను తీసుకుంది.

నాకు దానిమీదా కోపమొచ్చింది. ఎదుటివాడు మూర్ఖుడైతే నువ్వు డాక్టరువై ఉండి గట్టిగా కసరొద్దూ? ఫోనెందుకు చూస్తావు? ఆయన మెట్లు దిగుతుంటే తలుపు దగ్గర నన్ను ఆపి మాత్రం ఒక మాట చెప్పింది. "ఆంటీ, సార్‌కి ర్యాంకే గావాలంటే ర్యాంకున్నోళ్ళ తానకే తీస్కపోండ్రి. కానీ ఇయ్యాలనే తీస్కపోండ్రి."

ఆ మాట నేను ఇంట్లో చెప్పాను, మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. మా అమ్మాయి ఆఫీసు మానేసి వచ్చి ఏడ్చి చెప్పింది. అల్లుడు కారు తీసి వాకిట్లో పెట్టాడు. ఆయన ఎక్కలేదు. కేసు పార్కులో పెడతానన్నాడు. పెట్టాడు. వేపచెట్టు కింద మెడికల్ బోర్డు కూర్చుంది. అందులో డాక్టరు తప్ప అందరూ ఉన్నారు. మల్కాజిగిరిలో ఒకాయన ఉన్నాడని, స్టేట్ ర్యాంకరని, బ్యాంకాయన తోడల్లుడికి తెలుసని తేలింది. ఆ ర్యాంకరు ఊళ్ళో లేడు, వచ్చే వారం గానీ చూడడు. అయితే వచ్చే వారమే చూపిద్దామని తీర్మానం. అదీ నెగ్గింది.

ఆ వారం మా ఇంట్లో ఎలా గడిచిందో చెప్పడం నాకిష్టం లేదు. చిటికెనవేలు ముందు ఎర్రబడింది, తర్వాత ఊదారంగు తిరిగింది. నాకు భయమేసింది. ఈ మనిషి కాలు పోతుంది, కాలుతో ఆగకపోతే మనిషే పోతాడు అనిపించింది. భయంతో పాటు అసహ్యమూ వేసింది. రోగం మీద కాదు. చదివిన మనిషి, కళ్ళెదురుగా ఉన్నది చూడకుండా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చోవడం మీద. ఒంట్లో జ్వరం కాలుతుండగా కూడా మనవరాలు కంచం ముందు కూర్చుంటే "పంతొమ్మిది ఏడులు?" అన్నాడు. అది ఫోను తియ్యలేదు ఆ రోజు. తాతయ్య కాలువైపు చూసి, అన్నం వదిలేసి పైకి వెళ్ళిపోయింది.

మల్కాజిగిరి ర్యాంకరు గదిలో గోడనిండా మెడల్సు. మా ఆయన ముఖం చాలా రోజుల తర్వాత వెలిగింది. ర్యాంకు అడిగాడు. ఆయన నవ్వుతూ చెప్పాడు, రెండంకెలే. "అదీ!" అని మా ఆయన నా మోకాలి మీద తట్టాడు. తర్వాత ర్యాంకరు కట్టు విప్పాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించలేదా?"

"చూపించామండీ" అన్నాను. "ఉప్పల్లో ఒకమ్మాయి ఆ రోజే ఆసుపత్రిలో చేరమంది."

"మరి?"

మా ఆయన ఫ్యాన్‌వైపు చూస్తున్నాడు. ఆయన చెప్పడని తెలిసి నేనే చెప్పాను. "ఆ అమ్మాయికి ర్యాంకు రాలేదండీ. అందుకని చేరలేదు."

ఆయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "ఆవిడ చెప్పిందే నేనూ చెబుతున్నాను మాస్టారూ. ఆవిడ వేళ్ళు ఉంచుదామని చేరమంది. నేను తీసెయ్యడానికి చేరమంటున్నాను."

రెండు వేళ్ళు తీశారు. చిటికెనవేలూ, దాని పక్కదీ. ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తుంటే మత్తుమందు ఇచ్చే కుర్రాడు వంగి, భయపడకండి అంకుల్ అన్నాడు. మా ఆయన స్ట్రెచర్ మీద నుంచి తలెత్తి, "బాబూ, నీ ర్యాంకెంత?" అన్నాడు. నర్సులు నవ్వారు. కాపురానికొచ్చాక మొదటిసారి నలుగురి ముందు "నోరు మూసుకోండి" అన్నాను. మూసుకున్నాడు.

తర్వాత కట్లు మార్చడానికి మల్కాజిగిరి ర్యాంకరుకి తీరిక ఎక్కడిది? మళ్ళీ ఉప్పల్ టిఫిన్ సెంటర్ మెట్లే ఎక్కాం. నేను చెప్తే విన్నారా అని ఆ పిల్ల అనలేదు. అంటే బాగుండునని నేను ప్రతిసారీ ఎదురుచూశాను. గ్లవుజులు తొడుక్కుని, పుండు కడిగి, నోట్లోనే ఏదో పాట కూనిరాగం తీస్తూ కట్టు కట్టేది. జాగ్రత్తలన్నీ నాకే చెప్పేది. "రోజు పొద్దుగాల పాదం కింద అద్దం వెట్టి జూడాలె ఆంటీ. రెండో పాదంల గూడ స్పర్శ లేదు. అది గూడ పోవద్దంటే చెప్పులు లేకుండ అడుగు వెట్టనియ్యద్దు, ఇంట్ల గూడ." మెత్తటి అట్టలున్న చెప్పులు రాసిచ్చింది. మా ఆయన గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చునేవాడు.

చలి మొదలయ్యాక పార్కుకి వెళ్తానన్నాడు. సాక్సు తొడిగి, ఆ చెప్పులు వేసి, నేనూ వెంట వెళ్ళాను. బెంచీ మొత్తం లేచి నిలబడింది. బూట్లు మాత్రం ఎప్పట్లాగే బెంచీ కింద వరసగా ఉన్నాయి. మా ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టారు. ఇప్పుడు చెబుతాడు, పోయిన వేళ్ళ సాక్షిగా ఈ మూర్ఖుల చేత చెప్పులు తొడిగిస్తాడు, అనుకున్నాను. గొంతు సవరించుకున్నాడు.

"ఈ కాలం డాక్టర్లకి కొయ్యడం తప్ప ఏం తెలుసండీ? మా చిన్నప్పుడు ఇలాంటివి పసుపుతోనే..."

"నిజం సార్. చదువులే గట్లున్నయ్ ఇప్పుడు" అని తలలూగాయి.

అప్పుడే బ్యాంకాయన రాళ్ళబాట మీదనుంచి వచ్చాడు. గెంతడం లేదు, ఎగరడం లేదు. తాపీగా, పట్టుతివాచీ మీద నడిచినట్టు వచ్చాడు. మా ఆయన్ని చూసి ముఖం చేటంత చేసుకున్నాడు.

"సార్! ఇగో, నాకు గూడ ఇప్పుడు గుచ్చుకుంటలేవు సార్. మీలెక్కనే. ఎంత నడిసినా ఏం తెలుస్తలేదు. మొత్తానికి సాధించిన!"

ఇంక నేను ఎవరి మర్యాదా చూడలేదు. చీరకొంగు దోపుకుని గడ్డిలో కూలబడి, మా ఆయన చెప్పు లాగి, సాక్సు లాగేశాను. ఆయన కాలు వెనక్కి తీసుకోబోయాడు, చీలమండ గట్టిగా పట్టుకున్నాను. "చూడండి. మీ వైస్ చాన్సలరు సాధించింది ఇదీ" అన్నాను. ఆ అంచున వేళ్ళు లేని పాదాన్ని బెంచీ మొత్తం చూసింది. ఒకాయన కళ్ళు తిప్పుకున్నాడు.

"అన్నయ్యగారూ, మీరు కూర్చోండి. కాలు ఇలా చాపండి" అన్నాను బ్యాంకాయనతో.

"ఏంది మేడం, గిదేం పని?" అంటూనే భయపడి కూర్చున్నాడు. కింద రాలిన వేపరెమ్మ తీసి ఆకులు దూసేశాను. ఈనె మిగిలింది. ఆయన మడమ పగిలి, ఆ పగుల్లో ఎండిన రక్తం నల్లగా ఉంది.

"కళ్ళు మూసుకోండి. పాదానికి తగిలినప్పుడల్లా ‘ఆ’ అనండి."

కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలు కింద ఆనించాను. ఈనె వంగింది. పాదం మధ్యలో ఆనించాను, అంచున ఆనించాను, ఆ పగిలిన మడమ మీద ఆనించాను. బ్యాంకాయన బుద్ధిగా, నవ్వుముఖంతో, తలకాస్త పక్కకి వంచి ఎదురుచూస్తున్నాడు. నేను మా ఆయనవైపు చూశాను. ఆ రోజు ఉప్పల్లో ఆయన కళ్ళు మూసి ఉన్నాయి. ఈ రోజు తెరిచి ఉన్నాయి. ఈనెవైపూ, ఆ ముఖంవైపూ, మళ్ళీ ఈనెవైపూ చూస్తున్నాడు.

"షురూ జెయ్యిండ్రి మేడం" అన్నాడు బ్యాంకాయన. "ఎంతసేపు?"

మా ఆయన ఒక కాలికి చెప్పూ సాక్సూ లేకుండానే కిందికి వంగి, బెంచీ కింద చెయ్యిపెట్టి తడిమి, బ్యాంకాయన బూట్లు తీసి ఆయన ముందు పెట్టాడు.

"అయిపోయిందండీ" అన్నాడు.